డయల్-అప్ మోడెమ్: తెర మీది నంబరు వేరు, చేతికొచ్చే వేగం వేరు

అమెరికాలో ఏఓఎల్ సంస్థ తన డయల్-అప్ ఇంటర్నెట్ సేవను 2025 సెప్టెంబరు 30న ఆపేసింది. ఆ వార్త చదివి "అదింకా నడుస్తోందా!" అనుకున్నవాళ్లే ఎక్కువ. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి 2005 ప్రాంతంలో బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా మన ఇళ్లలో నెట్ అంటే టెలిఫోన్ తీగ, దాని చివర కీచుమని అరిచే ఓ చిన్న పెట్టె, అదే మోడెమ్. పాత కంప్యూటర్లను బాగుచేసి నడుపుకునే సరదా ఉన్నవాళ్లు ఆ పెట్టెల్ని ఇప్పుడు అటక మీంచి దింపుతున్నారు. దింపగానే అడిగే ప్రశ్న మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: పెట్టె మీద 56కె అని ఉంది, డౌన్‌లోడ్ సెకనుకి నాలుగు కిలోబైట్లు దాటడం లేదు, ఏ కమాండ్ ఇస్తే పెరుగుతుంది?

ఏ కమాండూ వేగాన్ని పుట్టించదు. లైను ఇవ్వగలిగిన వేగాన్ని దారిలో పోగొట్టుకోకుండా చూడటం వరకే సెట్టింగుల పని. పైగా కొన్ని లైన్ల మీద మోడెమ్‌ని కావాలని తక్కువ వేగానికి కట్టేస్తేనే ఫైలు త్వరగా దిగుతుంది. ఈ రెండో మాట నమ్మబుద్ధి కాదు. కాబట్టి అసలు వేగం ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం.

56 వెనక లెక్క

మొదట ఒక చిన్న గందరగోళం వదిలించుకోవాలి. మోడెమ్ వేగాన్ని బిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్ విండో బైట్లలో చూపిస్తుంది. 56,000 బిట్లంటే 7,000 బైట్లు. అంటే అంతా సవ్యంగా ఉన్నా సెకనుకి ఏడు కిలోబైట్లు మించదు. నాలుగు వస్తున్నాయంటే మీ మోడెమ్ దాదాపు 33,600 దగ్గర పనిచేస్తోందని అర్థం. అది పాడైన మోడెమ్ లక్షణం కాదు.

టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం కట్టింది. 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు శబ్దాలను దాటిస్తుంది, మిగతాది కోసేస్తుంది. అంత సన్నటి దారిలో ఎంత సమాచారం పట్టుతుందో క్లాడ్ షానన్ 1948లోనే సూత్రం ఇచ్చాడు. 3,100 హెర్ట్జ్ వెడల్పు, గోల కంటే సిగ్నల్ 35 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న మంచి లైను తీసుకుంటే లెక్క సెకనుకి 36,000 బిట్ల దగ్గర తేలుతుంది. 1994లో వచ్చిన వి.34 ప్రమాణం 28,800 ఇచ్చింది, 1996లో దాన్ని 33,600కి పెంచారు. ఆ పైన ఇక చోటు లేదని అప్పట్లో అందరూ అనుకున్నారు.

మరి 56 ఎలా వచ్చింది? ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయిపోవడంతో వచ్చింది. డిజిటల్ ఎక్స్ఛేంజి మన గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనీ 8 బిట్ల అంకెగా రాసుకుంటుంది. మొత్తం 64,000 బిట్లు. అనలాగ్ శబ్దాన్ని అంకెగా మార్చేటప్పుడు కొంత సవరింపు తప్పదు, ఆ సవరింపే గోలగా మారి షానన్ లెక్కను బిగించేస్తుంది. కానీ ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ తన వైపు మోడెములను నేరుగా డిజిటల్ లైను మీదే పెట్టుకుంటే? అక్కడి నుంచి బయల్దేరిన అంకెలు మీ ఎక్స్ఛేంజి దాకా చెక్కుచెదరకుండా వస్తాయి. చివర మీ ఇంటి రాగి తీగ ఎక్కే ముందు ఒక్కసారే శబ్దంగా మారతాయి. మీ మోడెమ్ ఆ శబ్దపు మెట్లను గుర్తుపట్టగలిగితే చాలు. ఎనిమిదింట్లో ఏడు బిట్ల మేరకు గుర్తుపడితే 8,000 ఇంటు 7, అంటే 56,000. సున్నాకి దగ్గరగా ఉండే మెట్లు ఒకదానికొకటి మరీ ఆనుకుని ఉంటాయి, తీగ మీద కాస్త గోల ఉన్నా అవి కలిసిపోతాయి. అందుకే పూర్తి 56 చూసినవాళ్లు అరుదు. అమెరికాలోనైతే సిగ్నల్ బలం మీద ఉన్న నిబంధన వల్ల 53,300 దగ్గరే ఆగిపోయేది.

ఇదంతా డౌన్‌లోడ్ సంగతి. మీ వైపు నుంచి పైకి వెళ్లేటప్పుడు శబ్దం అంకెగా మారక తప్పదు కాబట్టి 56కెకి వచ్చిన ప్రమాణం వి.90లో అప్‌లోడ్ పాత 33,600 దగ్గరే ఉండిపోయింది. తర్వాత వచ్చిన వి.92 దాన్ని 48,000కి పెంచింది, అవతలి సంస్థ కూడా వి.92 పెట్టుకుంటేనే.

1997లో ఈ పద్ధతి మీద రెండు జట్లు కొట్టుకున్నాయి. యూఎస్ రోబోటిక్స్ ఎక్స్2 అంది, రాక్‌వెల్, లూసెంట్ కలిసి కె56ఫ్లెక్స్ అన్నాయి. ఒకదాని మోడెమ్ ఇంకోదానితో 56 మాట్లాడదు. 1998లో వి.90 వచ్చి గొడవ తీర్చింది. మీ చేతిలో ఉన్నది ఆ 1997 నాటి పెట్టె అయితే, దాని ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాం) వి.90కి మార్చారో లేదో ముందు చూసుకోండి. మార్చకపోతే ఎన్ని తంటాలు పడ్డా 33,600 దాటదు.

నంబరు చెప్పే రోగ నిర్ధారణ

కనెక్ట్ అయినప్పుడు కనిపించే నంబరుని మార్కుల్లా చూసి సంతోషపడటమో బాధపడటమో చేస్తాం. దాన్ని రక్తపరీక్ష రిపోర్టులా చదవడం ఎక్కువ ఉపయోగం.

అన్నిటికంటే ముందు, కనిపించేది ఏ నంబరో తెలియాలి. 1,15,200 అని కనిపిస్తే అది కంప్యూటరుకీ మోడెమ్‌కీ మధ్య ఉన్న కేబుల్ వేగం. టెలిఫోన్ లైనుకి దానితో సంబంధం లేదు. రాక్‌వెల్, ఆ తర్వాత కోనెక్సంట్ చిప్పులున్న మోడెముల్లో డబ్ల్యూ2 అనే కమాండ్ కలిపితే అసలు లైను వేగం చూపిస్తుంది.

అసలు నంబరు తెలిశాక దాని ఆకారం చూడాలి. వి.34 వేగాలు 2,400 చొప్పున ఎక్కుతాయి: 26,400, 28,800, 31,200, 33,600. వి.90 వేగాలు సుమారు 1,333 చొప్పున ఎక్కుతాయి: 42,666, 44,000, 45,333, 46,666 ఇలా. మీకు ఎప్పుడూ 44,000 పైన వస్తోందంటే లైను బాగున్నట్టే, ఇక దాని జోలికి పోనవసరం లేదు. ఎన్నిసార్లు కలిపినా 33,600 లేదా 31,200 దగ్గరే ఆగుతోందంటే మధ్యలో ఎక్కడో రెండోసారి అనలాగ్ మార్పిడి జరుగుతోందని అనుమానించాలి. ఆఫీసులో పాత ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజి వెనక మోడెమ్ పెట్టినా, దారిలో అనలాగ్ ట్రంకు (ఎక్స్ఛేంజీల మధ్య లైను) తగిలినా ఇదే జరుగుతుంది. ఎప్పుడూ 26,400 లేదా ఇంకా కిందే ఉందంటే, ఒకే తీగల జత మీద ఇద్దరు ముగ్గురు చందాదారులను నడిపే పెయిర్ గెయిన్ పరికరం మీ వీధిలో ఉండొచ్చు. వీటిలో ఏదీ కమాండ్లతో పోదు. నిన్నటిదాకా 45,333 వచ్చి వాన పడ్డాక 28,800కి దిగితే మాత్రం అది తడి, జాయింట్ల సంగతి. దానికి మందుంది.

తీగ దగ్గరే ఎక్కువ దొరుకుతుంది

నన్నడిగితే మోడెమ్ మాన్యువల్ తెరవడానికి ముందు గోడ దగ్గరికి వెళ్లాలి. మామూలు ఫోన్ ఎత్తి ఒక్క అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగి కొన్ని సెకన్లు నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఏం వినిపిస్తోంది? సన్నగా "మ్‌మ్" అని మూలుగుతుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు గోల. ఫోను తీగ ఎక్కడో కరెంటు తీగతో కలిసి నడుస్తోంది, లేదా జతలో ఒక తీగకి భూమితో చిన్న లీకేజీ ఉంది. గరగరలాడుతుంటే వదులు జాయింటు, లేదా తుప్పు. వెనక ఎవరో మాట్లాడుతున్నట్టు లీలగా వినిపిస్తే పక్క జతతో కలిసిపోతోంది. మన చెవికి "ఫర్వాలేదు, మాట వినిపిస్తోందిగా" అనిపించే గోల మోడెమ్‌కి వేలకొద్దీ బిట్ల నష్టం.

ఇంట్లో పెద్ద దొంగలు ప్యారలల్ ఫోన్లు. హాల్లో ఒకటి, బెడ్‌రూంలో ఒకటి, మేడ మీద ఒకటి అని తీగ లాగి ఉంటారు. ఆ ప్రతి కొమ్మ చివరి నుంచీ సిగ్నల్ కొంత తిరిగొచ్చి అసలు సిగ్నల్‌తో కలుస్తుంది. ఫోను తీసేసినా తీగ వేలాడుతూనే ఉంటే ఆ నష్టం పూర్తిగా పోదు. కాలర్ ఐడీ పెట్టెలు, చవక సర్జ్ ప్రొటెక్టర్లు, కార్డ్‌లెస్ ఫోను బేసులు కూడా ఇదే కోవలోవి. బయటి నుంచి వచ్చే డ్రాప్ వైరు ఇంట్లో మొదట దిగే రోజెట్ డబ్బా దగ్గరే మోడెమ్‌ని ఒంటరిగా పెట్టి చూడండి. అక్కడ వచ్చిన వేగమే మీ లైను సత్తా. తర్వాత ఒక్కో పరికరం తిరిగి కలుపుతూ పోతే దొంగ దొరుకుతాడు. డబ్బా నుంచి మోడెమ్‌కి చదునుగా ఉండే పొడవాటి తీగ కంటే, మెలి తిప్పిన జత ఉన్న పొట్టి తీగ వాడితే కరెంటు గోల తక్కువ పట్టుకుంటుంది.

రోజెట్ దగ్గర కూడా గరగర పోలేదంటే తప్పు బయటుంది. లైన్‌మన్‌కి "నెట్ స్లోగా ఉంది" అంటే పని జరగదు, టెలిఫోన్స్ వాళ్లు గ్యారంటీ ఇచ్చేది గొంతుకే తప్ప డేటాకి కాదు. "ఫోన్‌లో గరగర వస్తోంది, డీపీ బాక్సు దగ్గర జాయింటు చూడండి" అంటే వస్తాడు. ఎక్స్ఛేంజి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే మాత్రం జాయింట్లు ఎంత బాగుచేసినా దూరానికి మందు లేదు.

కాల్ వెయిటింగ్ ఉంటే తీయించేయండి. డౌన్‌లోడ్ మధ్యలో వచ్చే ఆ బీప్ మోడెమ్ మాటకి అడ్డుపడుతుంది.

కంప్యూటరుకీ మోడెమ్‌కీ మధ్య

ఈ భాగం పాత యంత్రాలు వాడేవాళ్లకి ముఖ్యం. కేబుల్ వేగాన్ని లైను వేగానికి సమానంగా పెట్టాలనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 33,600 మోడెమ్‌కి 38,400 సరిపోతుందిలే అనిపిస్తుంది. కానీ మోడెములు డేటాను కుదించి పంపుకుంటాయి, ఇవతల విప్పి కంప్యూటరుకి ఇస్తాయి. లైను మీద 33,600గా వచ్చినది విప్పాక రెట్టింపు అవ్వొచ్చు. కేబుల్ ఇరుగ్గా ఉంటే ఆ లాభమంతా అక్కడే ఆగిపోతుంది. కాబట్టి పోర్టు వేగం 1,15,200 పెట్టండి.

అంత వేగం పెట్టాక పోర్టులో ఉన్న చిప్పు తట్టుకోవాలి. 1,15,200 దగ్గర ఒక బైటు రావడానికి సుమారు 87 మైక్రోసెకన్లు. పాత 8250, 16450 చిప్పుల్లో ఒక్క బైటుకే చోటు. ప్రాసెసర్ ఆ 87 మైక్రోసెకన్లలో వచ్చి దాన్ని తీసుకోకపోతే మీద ఇంకోటి పడి మొదటిది పోతుంది. 16550ఏ చిప్పులో 16 బైట్ల బఫర్ ఉంటుంది, ప్రాసెసర్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మీది 486 నాటి కంప్యూటరైతే ఏ చిప్పు ఉందో చూడండి. 16450 అయితే బయటి మోడెమ్‌కి 16550ఏ ఉన్న కార్డు వేసుకోవడం ఏ కమాండ్ కంటే మేలు. విండోస్ 98లో మోడెమ్ లక్షణాల్లో పోర్ట్ సెట్టింగ్స్ కింద ఈ బఫర్‌కి జారుడు మీటలు ఉంటాయి. బైట్లు పోతున్నాయని తేలితే రిసీవ్ మీటను ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే ముట్టుకోవద్దు.

బఫర్ నిండినప్పుడు "ఆగు" అని చెప్పే పద్ధతి కూడా ఉండాలి. హార్డ్‌వేర్ పద్ధతిలో ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే రెండు విడి తీగలు ఆ పని చేస్తాయి. సాఫ్ట్‌వేర్ పద్ధతిలో 17, 19 అనే రెండు బైట్లనే సంకేతాలుగా వాడతారు. జిప్ ఫైల్లో, బొమ్మల్లో ఆ బైట్లు మామూలుగానే ఉంటాయి, వాటిని తప్పించి పంపడానికి అదనపు బైట్లు ఖర్చవుతాయి. కాబట్టి హార్డ్‌వేరే పెట్టుకోండి. బయటి మోడెమ్‌కి మూడే తీగలున్న చవక కేబుల్ తగిలిస్తే ఈ సెట్టింగు పెట్టినా పనిచేయదు.

ప్రాసెసర్‌తోనే మోడెమ్ పని చేయించే విన్‌మోడెముల గురించి ఒక మాట. కార్డు ధర తగ్గించడానికి వాటిలో సిగ్నల్ లెక్కలను కంప్యూటరు మీదికి తోసేశారు. లైనుకి తోడు ప్రాసెసర్ ఖాళీ కూడా అక్కడ వేగాన్ని నిర్ణయిస్తుంది. డౌన్‌లోడ్ పెట్టి పాట వింటూ ఇంకో ప్రోగ్రాం తెరిస్తే లైను తెగిపోయేది అందుకే. వాటికి చేయగలిగిన మంచి ట్యూనింగ్ కొత్త డ్రైవర్ వేయడం.

తప్పులు దిద్దడం, కుదించడం

ఈ రెండూ మోడెమ్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. వి.42 తప్పులు దిద్దుతుంది, వి.42బిస్ కుదిస్తుంది. దిద్దుబాటు వల్ల డేటా సరిగ్గా రావడమే కాదు, వేగం కూడా పెరుగుతుంది, ఇది చాలామందికి తెలియదు. దిద్దుబాటు లేకుండా ప్రతి బైటూ మొదలు, చివర ఒక్కో బిట్ తగిలించుకుని పది బిట్లుగా ప్రయాణిస్తుంది. వి.42 ఉంటే ఆ తోకలు తీసేసి ఎనిమిది బిట్లుగానే పంపుతారు. 33,600 మీద మొదటి లెక్కలో సెకనుకి 3,360 బైట్లు, రెండో లెక్కలో 4,200. డేటాను ఫ్రేములుగా, అంటే చిన్న కట్టలుగా కట్టడానికి అయ్యే ఖర్చు పోను కూడా తేడా బాగానే మిగులుతుంది. కనెక్ట్ సందేశంలో లాప్‌ఎమ్ అనే మాట కనిపిస్తే ఇది జరుగుతున్నట్టు.

కుదింపుతో జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. వి.42బిస్ నాలుగు రెట్లు కుదించగలదని పెట్టె మీద రాస్తారు, మామూలు టెక్స్ట్‌కి రెండు మూడు రెట్లు వస్తే గొప్ప. జిప్, జేపెగ్, ఎంపీ3 ఫైళ్లకి ఏమీ రాదు, పిండేసిన బట్టని మళ్లీ పిండినట్టే. వి.42బిస్ ఆ సంగతి గుర్తుపట్టి కుదించకుండా వదిలేస్తుంది. దానికంటే పాతదైన ఎంఎన్‌పీ5కి ఆ తెలివి లేదు, జిప్ ఫైలుని కాస్త పెంచి మరీ పంపుతుంది. అవతల ఎంఎన్‌పీ5 తప్ప వేరే లేకపోతే కుదింపు ఆపేయడమే నయం.

కమాండ్లు

హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెమ్ నుంచి వచ్చిన ఆచారం ఇది: ప్రతి ఆజ్ఞా ఏటీ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

అరడజను గుర్తులతో నిండిన పొడవాటి ఇనిషియలైజేషన్ స్ట్రింగులు (డయల్ చేసే ముందు మోడెమ్‌కి ఇచ్చే ఆజ్ఞల వరుసలు) చేతులు మారుతూ వచ్చేవి. వాటిలో ఎక్కువభాగం ఎలాగూ డిఫాల్ట్‌గా ఉన్నవే, మిగతావి వేరే చిప్పు కోసం రాసినవి. ఒక చిప్పులో ఒక అర్థం ఉన్న కమాండ్‌కి ఇంకో చిప్పులో వేరే అర్థం ఉంటుంది. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌కి, అంటే పైన చెప్పిన "ఆగు" పద్ధతికి, రాక్‌వెల్ కుటుంబంలో &కె3, యూఎస్ రోబోటిక్స్‌లో &హెచ్1. కాబట్టి ఫ్యాక్టరీ సెట్టింగుతో మొదలుపెట్టడం మంచిది: యూఎస్ రోబోటిక్స్‌కి ఏటీ&ఎఫ్1, మిగతా చాలావాటికి ఏటీ&ఎఫ్. కంపెనీ వాళ్లు చాలావరకు సరిగ్గానే పెట్టి పంపుతారు.

ఆ పైన మన లైన్లకి పనికొచ్చేవి కొన్నే. "డయల్ టోన్ లేదు" అని మోడెమ్ మొండికేస్తే ఎక్స్3 ఇవ్వండి. టోన్ కోసం చూడకుండా డయల్ చేస్తుంది, బిజీ టోన్ మాత్రం గుర్తుపడుతుంది. ఇంటర్‌కామ్ వెనక ఉన్న లైన్లకి ఇది తప్పనిసరి. ఎస్10 రిజిస్టరు లైను కాసేపు పోతే ఎంతసేపు ఓపిక పట్టాలో చెబుతుంది, పదో వంతు సెకన్ల లెక్కలో. దాన్ని 50కి పెంచితే ఐదు సెకన్లు, చిన్న గరగరకే కాల్ తెగిపోవడం తగ్గుతుంది. ఒకసారి తెగితే మళ్లీ డయల్ చేయడం, మళ్లీ పల్సు (కాల్ బిల్లు లెక్కించే యూనిట్), ఎంగేజ్ వస్తే మళ్లీ మొదలు. పల్సు లెక్కన బిల్లు కట్టినవాళ్లకి దీని విలువ తెలుసు. రాక్‌వెల్ మోడెముల్లో %ఇ2 ఉంటే లైను పాడైనప్పుడు వేగం తగ్గించుకుని, బాగైనప్పుడు పెంచుకుంటుంది. అరుపు భరించలేకపోతే ఎం0. వేగానికి దానితో పనిలేదు గానీ అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు నిద్రలేవరు.

కాల్ అయ్యాక ఆ కాల్ చరిత్ర చూపించే కమాండ్లు అన్నిటికంటే విలువైనవి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. యూఎస్ రోబోటిక్స్‌లో ఏటీఐ6, కోనెక్సంట్‌లో ఏటీ&వి1. ఎన్ని బ్లాకులు మళ్లీ పంపాల్సి వచ్చిందో, ఎన్నిసార్లు రీట్రైన్ అయిందో (డేటా ఆపి లైనుని మళ్లీ కొలుచుకుందో) అక్కడ ఉంటుంది.

తగ్గించి కట్టేయడం

మొదట్లో చెప్పిన వింత మాటకి వద్దాం. కలిసే ముందు రెండు మోడెములూ లైనుని పరీక్షించుకుని ఒక వేగానికి ఒప్పుకుంటాయి. ఆ పరీక్ష కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలో లైను నిశ్శబ్దంగా ఉంటే ఆశపడి పై మెట్టు ఎక్కుతాయి. తర్వాత గోల పెరుగుతుంది. ఒక ఫ్రేము పాడైతే వి.42 మామూలు పద్ధతిలో ఆ ఫ్రేమునీ, దాని వెనక బయల్దేరినవాటినీ కలిపి మళ్లీ పంపాలి. గోల ఇంకా పెరిగితే మోడెములు మాట ఆపేసి మళ్లీ మొదటి నుంచి లైను కొలుచుకుంటాయి, అదే రీట్రైన్. అంతసేపూ డేటా కదలదు. డౌన్‌లోడ్ విండోలో నంబరు సున్నాకి పడిపోయి, కాసేపటికి మళ్లీ లేచేది అందుకే.

లెక్కకి ఇలా అనుకుందాం. 33,600 దగ్గర కలిసిన లైను నిమిషానికోసారి రీట్రైన్ అయి 12 సెకన్లు మింగుతోంది. మిగిలింది 48 సెకన్లు. సగటు 26,880. అదే లైనుని 28,800కి కట్టేస్తే అది కదలకుండా నిలబడింది అనుకోండి, ఫైలు ముందే దిగిపోతుంది. రీట్రైన్ జరిగినప్పుడల్లా అవతలి సర్వర్ "జవాబు రాలేదే" అని అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది. ఇప్పటికే ఇరుకైన లైను మీదికి అదే సరుకు రెండోసారి వస్తుంది, ఆ నష్టం పై లెక్కలో కలపలేదు.

కట్టేయడానికి ఏటీ+ఎంఎస్ అనే కమాండ్ ఉంది. ప్రమాణం పేరు, ఆటో మోడ్, కనిష్ఠం, గరిష్ఠం అనే వరుసలో ఇస్తారు. 28,800కి కట్టాలంటే ఏటీ+ఎంఎస్=వి34,1,300,28800 లాంటిది. గరిష్ఠం తర్వాత వచ్చే విలువలు చిప్పుని బట్టి మారతాయి కాబట్టి మీ మోడెమ్ పుస్తకం చూడాలి. యూఎస్ రోబోటిక్స్‌లో ఇదే పనికి &ఎన్ ఉంది. వి.90లో 46,666 వచ్చి మాటిమాటికీ ఆగిపోయే లైనుని రెండు మూడు మెట్లు దించి చూడండి. అప్పటికీ నిలవకపోతే వి.34కి మార్చండి.

వేగానికీ సమయానికీ ఉన్న ఈ తేడా బాగా తెలిసినవాళ్లు దుకాణాల్లో కార్డు గీకే మెషీన్లు చేసినవాళ్లు. ల్యాండ్‌లైన్ మీద నడిచిన ఆ మెషీన్లు 1,200 లేదా 2,400 వేగంతోనే కలిసేవి, మోడెములు 33,600 దాటిన రోజుల్లో కూడా. ఒక కార్డు లావాదేవీకి పంపేది కొన్ని వందల బైట్లే. 300 బైట్లు 1,200 మీద పోవడానికి రెండున్నర సెకన్లు. వి.90 మోడెములు ఒకరినొకరు పలకరించుకోవడానికే ఇరవై సెకన్లు పట్టేది, పాత వి.22 పలకరింపు కొద్ది సెకన్లలో తేలిపోతుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమర్‌కి నెమ్మది మోడెమే త్వరగా బిల్లు ఇచ్చింది.

విండోస్ వైపు

ఇక్కడ చేయాల్సింది తక్కువ, చేశారని చెప్పుకునేది ఎక్కువ. డయల్-అప్ కనెక్షన్ లక్షణాల్లో టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచి నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్ అనే వేరే నెట్‌వర్క్ పద్ధతులను తీసేయండి, "లాగ్ ఆన్ టు నెట్‌వర్క్" టిక్కు కూడా. వేగం మారదు గానీ పాస్‌వర్డ్ సరిచూసే దగ్గర వెయిటింగ్ తగ్గుతుంది. ఐపీ హెడర్ కంప్రెషన్ ఆన్‌లో ఉంచండి. వాన్ జాకబ్‌సన్ 1990లో రాసిన ఈ పద్ధతి ప్రతి ప్యాకెట్ నెత్తిన ఉండే 40 బైట్లను మూడు నుంచి ఐదు బైట్లకి తెస్తుంది.

ప్యాకెట్ సైజు మీద పెద్ద వాదనలు నడిచేవి. విండోస్ 98లో స్మాల్ అంటే 576, మీడియం 1,000, లార్జ్ 1,500 బైట్లు. 1,500 బైట్ల ప్యాకెట్ 33,600 లైను దాటడానికి 357 మిల్లీసెకన్లు, 576 అయితే 137. ఒక్క పెద్ద ఫైలు దించుకునేవాళ్లకి 1,500 మేలు, ఖర్చు తక్కువ. డౌన్‌లోడ్ నడుస్తుండగా చాట్ చేసుకునేవాళ్లకి 576 మేలు, చిన్న మాట పెద్ద ప్యాకెట్ వెనక క్యూలో నిలబడదు. లైను గరగరలాడేదైతే కూడా 576 వైపే నా ఓటు.

ఇక "ఇంటర్నెట్ యాక్సిలరేటర్" అని అమ్మిన ప్రోగ్రాములు రిసీవ్ విండోని (జవాబు కోసం ఆగకుండా అవతలివాళ్లు పంపగలిగే డేటా పరిమితిని) పెంచి వేగం రెట్టింపు చేస్తామనేవి. లెక్క చూద్దాం. సెకనుకి 48,000 బిట్ల లైను, శాటిలైట్ మీంచి తిరిగొచ్చే మార్గం, పోయి రావడానికి ఒక పూర్తి సెకను అనుకున్నా దారిలో ఉండగలిగేది 6,000 బైట్లు. విండోస్ 98 మామూలుగా ఇచ్చే విండోయే ఎనిమిది కిలోబైట్లు. పెంచడానికి అక్కడేమీ లేదు.

కొన్నిసార్లు మీ లైను, మోడెమ్, విండోస్ అన్నీ బాగుండి అవతల రద్దీ ఉంటుంది. తేల్చుకోవడం సులువు. సర్వీసు ఇచ్చే సంస్థ సొంత సర్వర్ నుంచి ఒక జిప్ ఫైలు దించి చూడండి, తర్వాత దూరపు సైటు నుంచి అదే సైజుది. కుదింపు మోసం చేయకుండా ఉండటానికే జిప్. మొదటిది వేగంగా, రెండోది నెమ్మదిగా వస్తే మోడెమ్‌ని వదిలేయండి.

ఇప్పటి లైన్ల మీద

ఈ రోజు మోడెమ్ పెట్టి చూసేవాళ్లకి కొత్త చిక్కు ఉంది. చాలాచోట్ల ఇంటికొచ్చే ల్యాండ్‌లైను రాగి మీద రావడం లేదు, ఫైబర్ పెట్టె వెనక నుంచి వస్తోంది. గొంతు అందులో ఇంటర్నెట్ ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ఆ పెట్టె జి.729 లాంటి కోడెక్ వాడితే గొంతుని సెకనుకి 8,000 బిట్లకి కుదించేస్తుంది, మోడెమ్ అరుపు దానిలోంచి బతికి బయటపడదు. జి.711 ఎ-లా ఉండాలి, అది పాత ఎక్స్ఛేంజి లెక్కే, 64,000 బిట్లు. సెట్టింగులు చేతికందితే జిట్టర్ బఫర్‌ని (ప్యాకెట్లు ముందువెనకలుగా వచ్చినా సర్దే నిల్వని) స్థిరంగా పెట్టి, నిశ్శబ్దాన్ని పంపకుండా మిగుల్చుకునే సదుపాయాన్ని ఆపేయండి.

ఇవన్నీ చేశాక కూడా ఒక ప్యాకెట్ పోయిందంటే 20 మిల్లీసెకన్ల శబ్దం ఒక్కసారిగా మాయమవుతుంది, అధిక వేగంలో ఉన్న మోడెమ్ వెంటనే రీట్రైన్‌కి వెళ్తుంది. అందుకని ఇక్కడ పైనుంచి కిందికి దిగడం కంటే కిందినుంచి ఎక్కడం నయం. 14,400కి కట్టేసి మొదలుపెట్టండి. ఒక పెద్ద జిప్ ఫైలు రీట్రైన్ లేకుండా పూర్తిగా దిగితే 19,200, అదీ నిలబడితే 24,000. కాల్ రిపోర్టులో రీట్రైన్లు కనిపించడం మొదలైన మెట్టు నుంచి ఒకటి వెనక్కి దిగి, ఆ స్ట్రింగుని &డబ్ల్యూతో మోడెమ్‌లో దాచేయండి.